పొడుగునాలుక చేను, పెంటబండి వగైరా

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా స్టోనీరిగ్ ఇంట్లో వంటగది కిటికీ గూట్లో ఉన్న నీలం టీకుండ మూత పగలగొట్టింది నేను కాదు, పిల్లి. పద్నాలుగేళ్ళుగా మా అక్క ఎడ్నా ఈ నేరాన్ని నా నెత్తిన రుద్దుతూ వస్తోంది. పిల్లి చచ్చిపోయింది గనుక దాన్ని పిలిపించి విచారించే వీలు లేదు. కాబట్టి నా మాట నమ్మడం తప్ప గత్యంతరం లేదనీ, ఇకమీదట ఈ విషయమై ఇంట్లో గాని, ప్రార్థనా మందిరంలో గాని, పోస్టాఫీసు వరుసలో గాని ఎవరూ నోరెత్తరాదనీ శాసిస్తున్నాను.

ఇక అసలు సంగతి.

నార్తంబర్లాండ్ జిల్లాలో పాత రోమన్ల సరిహద్దు గోడకు దక్షిణాన అరమైలు దూరంలో ఉన్న స్టోనీరిగ్ కమతం కాపురస్తుడు, కీర్తిశేషులు జార్జ్ టెల్ఫర్ గారి కుమారుడు, హెడ్లీ టెల్ఫర్ అనే నేను, వయస్సు యాభై మూడు, వృత్తి గొర్రెల పెంపకం, అప్పుడప్పుడు విమానం నడపడం, చదువు పద్నాలుగో ఏటి వరకు, నా పూర్తి తెలివితో, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. "స్వస్థచిత్తం" అన్న మాట దగ్గర లాయరు ఎరింగ్టన్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఏమీ అనకుండా రాశారు. ఆయన్నే ఈ వీలునామా అమలుదారుగా నియమిస్తున్నాను. ఏమీ అనకుండా ఉండగలగడం అరుదైన గుణం.

ఇప్పుడెందుకు రాయించానంటే, వచ్చే మంగళవారం న్యూకాసిల్ ఆసుపత్రిలో నా గుండె కవాటం ఒకటి తీసేసి, పంది గుండెలోది పెడతారట. ఈ మాట చెప్పగానే మా కాపరి టాట్ బ్యూలీ, "ఇన్నేళ్ళకి నీకు సరైన విడిభాగం దొరికిందిరా హెడ్లీ" అన్నాడు. వాడి సంగతి తొమ్మిదో అంశంలో చూస్తాను.

అందరూ ఎదురుచూస్తున్నది పదో అంశం కోసమని నాకు తెలుసు. మా పొడుగునాలుక చేను కింద రోమన్ల కోట ఉన్నదా, లేక అది నేను పెంటబండితో గీసిన బొమ్మా? ఉన్నదని తేలితే చేను ప్రభుత్వ రక్షణలోకి వెళుతుంది, దాని మీద ఇక గునపం పడదు, నేలలో పూడిపోయిన కోటలు వెతికే డాక్టర్ మార్జరీ హెస్లప్ ఇరవై ఏళ్ళ పని నిలబడుతుంది. లేదని తేలితే చేను కంకర క్వారీ అవుతుంది, ఆవిడ పుస్తకంలో ఏడో అధ్యాయం చెత్తబుట్టలోకి పోతుంది, ఆవిడ పేరు కూడా దాని వెంటే పోతుంది. ఈ నెల ఇరవై రెండున హెక్సమ్‌లో సర్కారువారి విచారణ. నా తరవాత చేను తనకే వస్తుందన్న ధీమాతో మా చిన్నాన్న కొడుకు లాన్స్ క్వారీ వాళ్ళతో అప్పుడే మాట్లాడుకున్నాడు. "నువ్వు ఆసుపత్రికి పోయేలోగా ఆ పెంటబండి కథ కాగితం మీద పెట్టి సంతకం చెయ్యరా అన్నా, నీకు పుణ్యముంటుంది" అని మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ద్రాక్షపళ్ళతో. నేను ఇంకా మంచాన పడకముందే రోగిని చూడబోయేవాళ్ళు తెచ్చే ద్రాక్షపళ్ళు తెచ్చిన మొనగాడు వాడొక్కడే.

పెడతాను లాన్స్. వరుసలో పెడతాను. ముందుకు దూకి చదివినవాళ్ళకి ఏ వాటా దక్కదని ఇందుమూలంగా హెచ్చరిస్తున్నాను.

1. మా అక్క ఎడ్నా టెల్ఫర్‌కు స్టోనీరిగ్ ఇల్లు, వంటిల్లు, పైన పేర్కొన్న టీకుండ (మూత లేకుండా), గొర్రెలన్నీ, అల్యూమినియం నిచ్చెన, సర్వహక్కులతో. ఆమె నన్ను పదకొండో ఏట నుంచి పెంచింది. అందులో తొలి పదేళ్ళు కర్రతో. నేను గోధుమపిండి డబ్బాలో కప్పను పెట్టిన రోజున కూడా అన్నం పెట్టింది, కప్పను తీసేశాక. అల్లం బిస్కెట్ల డబ్బా బైబిలు పెట్టె వెనక దాచుతుందని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఒకటేసి తీసుకుని, పైవాటిని మళ్ళీ వరస కలిపి పెట్టేవాణ్ణి. అక్కా, నీ లెక్క ఎప్పుడూ తప్పలేదు. బిస్కెట్లే తప్పాయి.

2. ఆచార్య రాల్ఫ్ విన్‌స్టాన్లీ గారికి మాంసం పులుసు పోసుకునే మా అమ్మ గ్రేవీ గిన్నె. దానికి పట్టుకునే చెవి లేదు. ఎందుకు లేదో వారు మరిచిపోయి ఉంటారు గనుక చెబుతాను.

1966లో వారు గోడ దగ్గర తవ్వకాలకు వచ్చి మా దొడ్లో డేరాలు వేశారు. పొద్దున్నే "ఏమయ్యా, రైతూ" అని పిలిచేవారు. నాకు పేరుందని వారికి ఎవరూ చెప్పలేదు కాబోలు. నేను గ్రేవీ గిన్నె చెవి విరగ్గొట్టి, రెండు వారాలు పెంటకుప్పలో ఊరవేసి, వారి గోతిలో జాన లోతున పెట్టాను. మధ్యాహ్నానికల్లా వారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, రోమను సేనాధిపతి దీపం పిడి అని విద్యార్థులకు గంటసేపు చెప్పారు. అప్పుడు వెనక నిలబడ్డ ఒక పొట్టి అమ్మాయి, మోకాళ్ళ దాకా బురద, దాన్ని తీసుకుని తిప్పి చూసి జేబులో వేసుకుంది. సాయంత్రం మా గడప దగ్గరికి వచ్చి, "టెల్ఫర్ గారూ, మీ అక్కగారికి చెప్పండి, గ్రేవీ ఇక గరిటెతో పోసుకోవాల్సి వస్తుందని" అంది. నవ్వలేదు. ఆవిడ నవ్వదు. ముక్కు కొంచెం కదిలిస్తుంది, అంతే.

ఆ అమ్మాయే డాక్టర్ హెస్లప్. ఆ చెవి ఇప్పటికీ ఆవిడ బల్ల మీద కాగితాల బరువుగా ఉందని విన్నాను. మిగతా గిన్నె ఆచార్యులవారు ఉంచుకోవచ్చు.

3. నా విమానం ఆస్టర్, రెండు సీట్లది, రెక్కల గుడ్డకు పదిహేడు మాసికలు గలది, మా జిల్లా ఫ్లయింగ్ క్లబ్బు వారికి. షరతు: వాన లేని ప్రతి జూలైలోనూ డాక్టర్ హెస్లప్ అడిగిన రోజున, అడిగిన చోటికి, అడిగినన్ని సార్లు తిప్పాలి. ఆవిడ "ఎడమకి" అంటే కుడికి తిప్పి ఏడిపించరాదు. ఆ హక్కు నాతోనే పోతుంది.

విమానం తలుపు మాత్రం డాక్టర్ హెస్లప్‌కే. పదకొండు వేసవులు ఆ తలుపు పీకేసి పశువుల కొట్టంలో పెట్టి ఎగిరాం, కెమెరాకి అడ్డం రాకుండా. కోళ్ళు దాని మీదే గుడ్లు పెట్టేవి. ఆవిణ్ణి గడ్డిమోపులు కట్టే తాడుతో సీటుకు కట్టేవాణ్ణి. నడుముకి రెండు చుట్లు, భుజానికి ఒకటి. "ఇది గట్టిదేనా?" అని మొదటిసారి అడిగింది. "గడ్డిమోపు ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు డాక్టరమ్మా" అన్నాను. ముక్కు కదిలింది.

ఆవిడ పని ఏమిటో మా ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ తెలియదు గనుక నాకు అర్థమైనంత రాస్తున్నాను. రోమన్లు గోడ కట్టకముందు వాళ్ళ సరిహద్దు ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద సైనికుల కోటలు, పూట నడకకి ఒకటి. అన్నీ ఒకే అచ్చు: పేకముక్క ఆకారం, నాలుగు మూలలూ గుండ్రం. ఆవిడ వాటిని పటం మీద పూసల్లా గుచ్చుకుంటూ వచ్చింది. మా దగ్గర ఒక పూస లేదు. "సైనికుడు కూడా మనిషేనండీ, చీకటి పడితే ఎక్కడో ఒకచోట పడుకోవాలిగా" అనేది. నేల మీద వెతికితే దొరకదు. పూడిపోయిన కందకం మీద మట్టి లోతుగా, తడిగా ఉంటుంది. ఎండలు ముదిరి చేనంతా పండి పసుపు తిరిగినప్పుడు, ఆ కందకం మీది బార్లీ మాత్రం ఇంకో వారం పచ్చగా నిలబడుతుంది. పక్కన నిలబడితే అది వట్టి బార్లీ. వెయ్యి అడుగుల పైనుంచి చూస్తే గీత.

1976 ఎండలు అందరికీ గుర్తే. వాగు ఎండి, గొర్రెలకి నీళ్ళు డబ్బాలతో మోశాం. జూలైలో ఒక సాయంత్రం ఏటవాలు ఎండలో ఇంటికి తిరిగి వస్తూ ఇంజను తగ్గించాను. చెవి పక్కన ఒకటే కేక: "ఎడమకి! ఎడమకి తిప్పండి! ప్రాణం పోయినా సరే, మళ్ళీ తిప్పండి టెల్ఫర్ గారూ!" తిప్పాను. కింద పసుపు చేనులో ఆకుపచ్చ గీతతో పేకముక్క, మూలలు గుండ్రంగా, ఎవరో పెన్సిలుతో గీసినట్టు. ఇది ఎవరి చేనా అని చూస్తే కంచె దగ్గర నా తుప్పు ట్రాక్టరు. నాదే. ముప్పై ఏళ్ళుగా దున్నుతున్న నా పొడుగునాలుక చేను. ఆవిడ వైపు చూశాను. బుగ్గల మీద కన్నీళ్ళు. విమాన ప్రయాణం ఒంటికి పడలేదేమో, వాంతి వస్తుందేమో అనుకుని నా టోపీ తీసి ఇచ్చాను. ఆవిడ దాంతో కళ్ళు తుడుచుకుంది. ఆ టోపీ కూడా ఆవిడకే. ఉతకలేదు.

4. "పొట్టేలు" పబ్బులో పొయ్యి పక్కన నా స్టూలు ఎవరు ముందు కూర్చుంటే వాళ్ళది. ఆ స్టూలు మీద కూర్చుని నేను చెప్పిన కథను కూడా పబ్బుకే వదిలేస్తున్నాను. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, అది ఇది.

1978 అక్టోబరు, హెక్సమ్ గొర్రెల సంత రోజు, మధ్యాహ్నం. లాన్స్ లోపలికి వస్తూనే, "ఏరా అన్నా, నీ చేనులో సీజరు కాపురం పెట్టాడటగా, అద్దె ఇస్తున్నాడా?" అన్నాడు. నేను, "సీజరెవడురా? నేనే" అన్నాను. చుట్టూ తలలు తిరిగాయి. ఇక ఆగలేదు. డెబ్బయ్యారు మార్చిలో మేకులు, తాడు పట్టుకెళ్ళి కొలతలు వేశాననీ, మూలలు గుండ్రంగా రావడానికి బండిచక్రం చుట్టూ తాడు తిప్పాననీ, ఆ గీత మీద పెంటబండి తోలి ఎరువు చల్లాననీ, పెంట పడ్డ చోట బార్లీ పచ్చగా నిలిచిందనీ, డాక్టరమ్మ పైనుంచి చూసి రోమను సామ్రాజ్యం దొరికిందని ఏడ్చిందనీ చెప్పాను. పబ్బంతా బల్లలు బాదింది. టాట్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. "పెంటతో కట్టావురా కోటని!" అని లాన్స్ నా వీపు మీద చరిచాడు. మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాను. మూడోసారికి అందులో ఒక ఎద్దు కూడా వచ్చింది. నా జన్మలో నన్ను అంత మంది, అంతసేపు, అంత ప్రేమగా విన్నది లేదు.

కథ సంత నుంచి విశ్వవిద్యాలయం దాకా నడిచింది. ఆచార్య విన్‌స్టాన్లీ గారు దాన్ని ఒక పత్రికలో కింద చిన్న అక్షరాలతో అచ్చువేశారు: "స్టోనీరిగ్ రైతు శ్రీ హెడ్లీ టెల్ఫర్ వాంగ్మూలం ప్రకారం ఈ కోట పశువుల ఎరువుతో నిర్మితం." ఏమయ్యా రైతూ అన్న మనిషి చేత శ్రీ అనిపించుకున్నాను. పూర్తి పేరుతో.

5. పైన చెప్పిన పెంటబండి మా చిన్నాన్న కొడుకు లాన్సెలాట్ టెల్ఫర్‌కు, ఇరుసుతో సహా. షరతు: తీసుకునే ముందు వాడు దాన్ని ఎరువుతో నింపి, విచారణాధికారి, ఆచార్యులవారు, "పొట్టేలు" సభ్యులందరి సమక్షంలో ఇరవై గజాలు తోలి, ఎరువు ఎంత వెడల్పున పడిందో టేపుతో కొలిచి, ఆ అంకె చేతివ్రాతతో లాయరు గారికి ఇవ్వాలి. ఎందుకని అడగవద్దు. గాలికి ఎదురుగా తోలవద్దు.

6. కుక్క నెల్ ఎవరి దగ్గర ఉంటానంటే వాళ్ళ దగ్గర. దాని తెలివి మీద నాకు నమ్మకముంది.

7. ఈ అంశం కొట్టివేశాను. ఏముండేదో ఎనిమిదిలో చెబుతాను.

8. నా విమానపు పుస్తకాలు నాలుగూ డాక్టర్ హెస్లప్‌కు. ప్రతి ఎగురుడూ తేదీ, గంట, ఎత్తు, ఎండ ఏ వైపు, ఏ చేనులో ఏ పంట, అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ రాయమంటే రాశాను. "పైనుంచి చూసిందానికి సాక్ష్యం ఇదొక్కటేనండీ" అనేది.

ఇక్కడ నా పాత కక్ష ఒకటి నమోదు చేయిస్తున్నాను. 1978 సెప్టెంబరులో పొడుగునాలుక కోట గురించి ఆవిడ వ్యాసం అచ్చయింది. నేను పోస్టాఫీసులోనే విప్పి, అక్క భూతద్దం తెచ్చుకుని, వేలు పెట్టి అక్షరమక్షరం వెతికాను. కెమెరా పేరుంది. ఫిల్మ్ పేరుంది. చేను వైశాల్యం ఉంది. "విమానాన్ని ఒక స్థానిక పైలట్ నడిపాడు" అని ఉంది. స్థానిక పైలట్! పదకొండేళ్ళు గడ్డితాడుతో కట్టి మోసినవాణ్ణి! పోస్టాఫీసు నడిపే మిసెస్ డాగ్ తన కిటికీలోంచి, "ఏం హెడ్లీ, ఎవరైనా పోయారా?" అని అడిగింది. నా ముఖం అలా ఉందట. నెల తిరక్కుండానే నాలుగో అంశం జరిగింది. ఏది దేని వల్ల జరిగిందో లాయరు గారు అడగలేదు. మీరూ అడగకండి.

ఆ తరవాత ఒక నవంబరు పగలు ఆవిడ వచ్చింది. గొర్రెలకి పెరిగిన గిట్టలు కత్తిరిస్తున్నాం. టాట్, లాన్స్, ఇంకో నలుగురు ఉన్నారు. ఆవిడ గేటు లోపలికి రాలేదు. పైకమ్మీ మీద చేతులు పెట్టి, "ఒక్క మాట చెప్పండి టెల్ఫర్ గారూ. మీరు గీశారా?" అంది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. నేను, "నన్నెందుకు డాక్టరమ్మా, బార్లీనే అడగండి" అన్నాను. పెద్ద నవ్వు లేచింది. ఆవిడ ముక్కు కదల్లేదు. గేటు మీది చేతులు తీసుకుని, "సరే" అని వెళ్ళిపోయింది. అయిదేళ్ళయింది. ఆ అయిదు వేసవులూ నేను ఒక్కణ్ణే ఎగిరాను. పక్క సీటుకి తాడు అలాగే చుట్టి ఉంది. ఊరికే, విప్పడానికి బద్ధకం.

ఏడో అంశంలో, తన పుస్తకంలో నా పేరు వేస్తేనే చేను ఆవిడకు చెందాలని రాయించాను. లాయరు గారు మళ్ళీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కొట్టేయించాను.

9. పొడుగునాలుక చేను, పదకొండు ఎకరాలు, డాక్టర్ మార్జరీ హెస్లప్‌కు, దాన విక్రయాది సర్వహక్కులతో. హద్దులు: ఉత్తరం రోమన్ల గోడకు పోయే దారి, గోడ వాళ్ళు మమ్మల్ని అడగకుండా కట్టింది, తూర్పు వాగు, దక్షిణం లాన్స్ పొలం, కంచె అవతల లాన్స్ ఆశ, పడమర మా నాన్న పేర్చిన రాతికట్ట. ఒక్క కోరిక, షరతు కాదు: ఏటా బార్లీయే వెయ్యండి. లోతు దున్నకండి. వాన కురిసిన ఏళ్ళలో ఏమీ కనబడదు. ఎండలు వచ్చిన ఏడు అది తనంతట తానే మాట్లాడుతుంది.

టాట్ బ్యూలీకి, పోస్టాఫీసు మిసెస్ డాగ్‌కు ఏమీ లేదు. సాక్షి సంతకం చేసినవాళ్ళకి వీలునామాలో ఏదీ దక్కకూడదని ఈ దేశ చట్టం. టాట్ ఇరవై ఏళ్ళుగా నా నిచ్చెన మీద కన్నేసి ఉన్నాడు. అందుకే వాణ్ణి ప్రత్యేకంగా పిలిపించి సాక్షిగా ఉండమన్నాను. "నన్నే ఎంచుకున్నావా హెడ్లీ!" అని టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. అక్కా, వాడు మర్యాదగా అడిగితే నిచ్చెన అరువియ్యి.

10. ఇక లాన్స్ అడిగినది. ఈ ఒక్క అంశం మాత్రం నా తదనంతరం కాదు. నేను మంగళవారం బతికినా చచ్చినా, ఇరవై రెండో తేదీన లాయరు గారు హెక్సమ్ విచారణలో దీన్ని బిగ్గరగా చదవాలి. బతికి ఉంటే నేను ముందు వరుసలోనే కూర్చుంటాను. కూర్చోవాల్సిందే. అక్క తీసుకొస్తుంది, చెవి పట్టుకునైనా.

"పొట్టేలు" సభ్యులారా, మీలో పద్దెనిమిది మంది దొడ్లలో పెంటబండ్లు ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి వాటి వెనక నడుస్తున్నారు. అది చల్లితే ఎంత వెడల్పు పడుతుంది? పదిహేను అడుగులు. తక్కువలో తక్కువ పన్నెండు. డాక్టరమ్మ ఫోటోలో ఆకుపచ్చ గీత ఎంత? కంచె గుంజలతో పోల్చి చూసుకోండి. అయిదు అడుగులు. అటూ ఇటూ అంచు కత్తితో కోసినట్టు. పెంటబండితో అయిదడుగుల గీత గీసినవాడు ఈ లోయలో పుట్టలేదు. ఈ అయిదున్నరేళ్ళలో మీలో ఒక్కడు కూడా ఆ మాట నన్ను అడగలేదు. అడుగుతారని మొదటి రోజంతా భయపడ్డాను. రెండో రోజు నుంచి అడిగితే బాగుండునని ఎదురుచూశాను. ఆచార్యులవారిని తప్పుపట్టను, వారు పెంటబండిని జన్మలో చూసి ఉండరు. అందుకే అయిదో అంశం.

నా మాట నమ్మడానికి మీకు ఏ కారణమూ లేదని నాకు తెలుసు. గ్రేవీ గిన్నె వాణ్ణి. కాబట్టి నా మాట నమ్మకండి. తవ్వండి. చేను వాయవ్య మూలలో, రాతికట్ట నుంచి ముప్పై ఒక్క అడుగుల దగ్గర. ఆవిడ గేటు దగ్గర నుంచి వెళ్ళిపోయిన మరుసటి వేసవిలో నేను అక్కడ నాలుగు రోజులు తవ్వాను. చచ్చిన గొర్రెను పూడుస్తున్నానని అక్కకి చెప్పాను, "ఎంత గొర్రెరా అది?" అంది. కింద ఏ పాత మురుగు కాలువో ఉంటే, నా అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదని ఒప్పుకుని పడుకుందామని నా ఆశ. కాలువ లేదు. గోడలు రెండు వైపులా ఏటవాలుగా కిందికి దిగాయి, గరాటులా. ఏడడుగుల లోతున, అడుగున, చదరంగా ఒక గాడి. పూడిక తీసేటప్పుడు పార పడే గాడి. ఆవిడ ఇలాంటిదాన్ని ఎన్నిసార్లు కాగితం మీద గీసి చూపించిందో. నా పార దించి చూశాను. సరిగ్గా పట్టింది. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఎవడో కూలి సైనికుడు, వానలో, తిట్టుకుంటూ, నా పారంత పారతో అక్కడే నిలబడ్డాడు. కోట మీద వాడి పేరు కూడా ఎవరూ రాయలేదు.

గాడిలో రోమన్ల ఎర్ర కుండ పెంకు ముక్క ఒకటి ఉంది. తియ్యలేదు. దొరికిన చోట ఉంటేనే అది మాట్లాడుతుందని ఆవిడ చెప్పేది. దాని పక్కన నా పొగాకు డబ్బా పెట్టి పూడ్చాను. లోపల, ఎవరు ఎప్పుడు తవ్వారో తెలిసేలా, ఆ ఏటి అర పెన్నీ నాణెం, నా పేరు రాసిన చీటీ. ముందు నా డబ్బా తగులుతుంది. అక్కడ ఆగి నవ్వుకోండి, మీ హక్కు. తరవాత పక్కకి చూడండి.

అయిదేళ్ళు ఎందుకు ఆగానంటే, నేను లోపలికి రాగానే ఆ పబ్బులో మొదలయ్యే నవ్వు ఆగిపోతుందని. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది. వెతికాను, లేదు.

డాక్టరమ్మా, అక్షరాలు మీవి, పుస్తకం మీది, ఏడో అధ్యాయం మీ ఇష్టం. ఆ రోజు గేటు దగ్గర మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు, నవ్వేవాళ్ళందరి ముందే ఇస్తున్నాను. నేను గీయలేదు. మీకు కనబడింది నిజంగా ఉంది. మొదట చూసిన కళ్ళు మీవి, విమానం తిప్పిన చేతులు మాత్రం నావి.

లాయరు గారు, మరి మొదటి పేరాలో పిల్లి సంగతేమిటని నెమ్మదిగా అడిగారు. ఒక మనిషికి ఒక్క రోజున ఇంత నిజమే పడుతుంది; పిల్లిని అలాగే ఉండనివ్వమన్నాను.

తాడు, మేకులు, బండిచక్రం, ఎద్దు, పెంట: ఆ కథలో ఉన్నదంతా "పొట్టేలు"లో స్టూలు మీద కూర్చుని, నా నోటితో నేనే కల్పించానని, అందులో ఒక్క ముక్క కూడా జరగలేదని ఇందుమూలంగా ఒప్పుకుని, చదివి వినిపించగా విని, సరేనని చేసిన వ్రాలు.

1984 మే నెల 4వ తేదీ, శుక్రవారం, స్టోనీరిగ్.

(సంతకం)
హెడ్లీ టెల్ఫర్
స్థానిక పైలట్

సాక్షులు:
1. టాట్ బ్యూలీ, గొర్రెల కాపరి (తొమ్మిదో అంశం సంతకం చేశాక చదివాడు)
2. విల్హెల్మినా డాగ్, పోస్టాఫీసు